యుద్ధ ప్రాంతం నుంచి స్వదేశానికి: తరలింపు ఖర్చుకు కుటుంబం ముందుగా సిద్ధపడడం ఎలా

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వైద్యవిద్యకో, ఉద్యోగానికో పిల్లలను విదేశాలకు పంపిన కుటుంబాల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. ఆ దేశంలో యుద్ధం మొదలైతే తిరుగు ప్రయాణానికి అయ్యే ఖర్చులో ప్రభుత్వం భరించే భాగం ఏది, మన చేతి నుంచి పోయేది ఏది, దానికి ఏ ఏర్పాట్లు ఉండాలి అన్నవి ఇందులోని విషయాలు. తరలించినందుకు పౌరుల దగ్గర డబ్బు వసూలు చేయడం సబబేనా అన్న ప్రశ్నను కూడా పక్కన పెట్టడం లేదు. ఆ ప్రశ్నకు మీరు ఇచ్చుకునే జవాబును బట్టే మీ ఏర్పాట్లు ఉంటాయి.

మొదట ఆనవాయితీ తెలుసుకోండి

మన దేశంలో ఈ వ్యవహారం చాలావరకు ఆనవాయితీ మీదే నడుస్తోంది. 2015లో యెమెన్ నుంచి ఆపరేషన్ రాహత్, 2022లో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగా, 2023లో సూడాన్ నుంచి ఆపరేషన్ కావేరి, అదే ఏడాది అక్టోబరులో ఇజ్రాయెల్ నుంచి ఆపరేషన్ అజయ్, 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి ఆపరేషన్ సింధు పేరుతో భారతీయులను తీసుకువచ్చినప్పుడు ప్రత్యేక విమానాల ఖర్చును కేంద్రమే భరించింది. కరోనా వేళ, 2020 మే నెలలో మొదలైన వందే భారత్ మిషన్ సంగతి వేరు. అందులో టికెట్ డబ్బు ప్రయాణికులే కట్టుకున్నారు. లండన్ నుంచి సుమారు 50 వేలు, అమెరికా నుంచి దాదాపు లక్ష రూపాయలు అయ్యాయి. దిగిన తర్వాత క్వారంటైన్ హోటల్ ఖర్చు కూడా వారిదే. కాబట్టి 'ప్రభుత్వం తీసుకువస్తుంది' అన్న మాటకూ, 'ఉచితంగా తీసుకువస్తుంది' అన్న మాటకూ తేడా ఉందని గుర్తుంచుకుని లెక్క మొదలుపెట్టాలి.

విమానం ఒక్కటే ఖర్చు కాదు

తరలింపు ఖర్చు అనగానే అందరి కళ్ల ముందూ విమానమే కనిపిస్తుంది. నిజానికి కుటుంబం మీద పడే భారం అంతకుముందే పడుతుంది. ఉక్రెయిన్ ఉదాహరణనే తీసుకోండి. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన రాయబార కార్యాలయం, తప్పనిసరిగా ఉండనవసరం లేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లడం గురించి ఆలోచించుకోవాలని సూచించింది. 20న మళ్లీ చెప్పింది. 22న మరింత స్పష్టంగా, ఆన్‌లైన్ తరగతుల గురించి విశ్వవిద్యాలయాలు అధికారికంగా ప్రకటించేదాకా ఆగకుండా బయలుదేరమని చెప్పింది. ఎయిర్ ఇండియా 22, 24, 26 తేదీలకు ప్రత్యేక విమానాలు ప్రకటించింది, కానీ అవి డబ్బు పెట్టి టికెట్ కొనుక్కోవాల్సినవి. 24వ తేదీ విమానం ఉక్రెయిన్ గగనతలం మూసివేయడంతో దారిలోనే వెనుదిరిగింది. అప్పటిదాకా విద్యార్థులు ఎందుకు ఆగారంటే, హాజరు తగ్గితే కళాశాల ఒప్పుకోదన్న భయం ఒకటి, పెరిగిపోయిన టికెట్ ధర మరొకటి.

అందుకే మొదటి ఏర్పాటుగా, పిల్లలు బయలుదేరక ముందే ఇంట్లో ఒక నిర్ణయం జరగాలి. రాయబార కార్యాలయం నుంచి మొదటి సూచన రాగానే, కళాశాల ఏమన్నా సరే, టికెట్ కొనాలి. దానికి మామూలు రోజుల్లో ఒకవైపు టికెట్ ధరకు కనీసం రెండు రెట్ల సొమ్మును ఫీజుల డబ్బుతో కలపకుండా, అవసరమైన రోజే తీసుకోగలిగేలా విడిగా ఉంచండి. మిర్చి అమ్మిన డబ్బు వచ్చాక చూద్దాం, చిట్టీ పాడాక సర్దుదాం అనుకుంటే ఆ వారం గడిచిపోతుంది.

ఆ డబ్బు అక్కడికి చేరే దారి కూడా ముందే ఉండాలి. బ్యాంకు ద్వారా విదేశానికి పంపాలంటే పాన్ నంబరు, డబ్బు ఎందుకు పంపుతున్నామో తెలిపే ఏ2 ఫారం కావాలి. ఆర్థిక సంవత్సరానికి ఒక వ్యక్తి పంపగల పరిమితి 2,50,000 డాలర్లు కాబట్టి పంపే సొమ్ము ఎంతన్నది అడ్డంకి కాదు, అడ్డంకల్లా సమయమే. శనివారం సాయంత్రం యుద్ధం మొదలైతే బ్రాడీపేటలోని మీ శాఖ సోమవారం దాకా తెరవదు, తెరిచి పంపినా అక్కడి బ్యాంకు పనిచేస్తుందన్న హామీ లేదు. విదేశీ కరెన్సీ నింపి వాడుకునే ఫారెక్స్ కార్డులో కొంత, పిల్లల దగ్గర చిన్న నోట్లుగా కొన్ని డాలర్లో యూరోలో ఎప్పుడూ ఉండేలా చూడండి. ఏటీఎంలు ఖాళీ అయిన ఊళ్లో పనికొచ్చేది ఆ చిన్న నోట్లే.

సరిహద్దు దాకా వెళ్లే దారి

ఎవరూ ముందుగా లెక్క వేయని ఖర్చు ఇదే. ఆపరేషన్ గంగా విమానాలు ఉక్రెయిన్‌లో దిగలేదు. రొమేనియా, హంగరీ, పోలండ్, స్లొవేకియా వంటి పొరుగు దేశాల నుంచి ఎగిరాయి. సరిహద్దు దాటిన తర్వాత బస, భోజనం, విమానం ప్రభుత్వం చూసుకుంది గానీ సరిహద్దు దాకా చేరడం చాలామందికి సొంత బాధ్యతే అయింది. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్నవారందరూ సాయంత్రం ఆరు గంటల లోపు పెసోచిన్, బాబాయె, బెజ్లుడోవ్కా చేరుకోవాలని, బస్సులూ రైళ్లూ దొరకకపోతే నడిచైనా వెళ్లాలని రాయబార కార్యాలయం ప్రకటించింది. ఆ మూడు ఊళ్లూ నగరానికి 11 నుంచి 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడి నుంచి పడమటి సరిహద్దుకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దారిలో ప్రైవేటు బస్సులకూ, ట్యాక్సీలకూ అడిగినంత ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. ఉక్రెయిన్‌లోని మరో నగరం సుమీలో చిక్కుకున్న దాదాపు 700 మందికి మాత్రం మార్చి 8న బస్సులు ఏర్పాటయ్యాయి.

అందువల్ల మీ అమ్మాయో అబ్బాయో ఉన్న ఊరి నుంచి దగ్గరి సరిహద్దులు రెండింటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి దూరం, రైలు, బస్సు, వీసా అవసరం ఏమిటో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. అదే ఊళ్లోని మన జిల్లా విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ప్రయాణించేలా, వాహనం అద్దె పంచుకునేలా తల్లిదండ్రులు ముందే మాట్లాడుకోవడం మంచిది.

విమానం దాకా, ఇంటి దాకా

అక్కడి మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయడాన్ని ఆ దేశంలో దిగిన వారంలోనే పూర్తిచేయాలి. పాస్‌పోర్టు నంబరు, అక్కడి చిరునామా, ఇక్కడి ఫోన్ నంబరు ఉంటే చాలు. గది మారినప్పుడల్లా చిరునామా మార్చాలి. ఈ ఒక్క పనీ చేయనివారు ఉంటారు. ఫిర్యాదు నడపాల్సి వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీఎస్ ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది గానీ, యుద్ధం వేళ సోమవారం దాకా ఆగకుండా నేరుగా వెళ్లి అర్జీ ఇవ్వండి.

ఢిల్లీ నుంచి గన్నవరం దాకా ప్రయాణం 2022లో పెద్ద సమస్య కాలేదు. రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్ చూసుకున్నాయి. అయినా ఆ టికెట్ డబ్బు దగ్గర ఉంచుకోవడంలో నష్టం లేదు.

వసూలు చేయడం సబబేనా

అమెరికాలో చట్టం ప్రకారం తరలింపు విమానం అప్పు కింద ఇచ్చేదే. ఎక్కేవారు మన గుంటూరు వడ్డీ వ్యాపారికి రాసిచ్చినట్టే ప్రభుత్వానికి ప్రోనోటు రాసి సంతకం చేస్తారు. తీర్చకపోతే కొత్త పాస్‌పోర్టు దగ్గర చిక్కు వస్తుంది. బ్రిటన్ 2024 అక్టోబరులో లెబనాన్ రాజధాని బీరూట్ నుంచి నడిపిన విమానానికి మనిషికి 350 పౌండ్లు తీసుకుంది. ఆ పద్ధతికి వాదన లేకపోలేదు: హెచ్చరికను లెక్కచేయనివారి ఖర్చు ఊళ్లో ఉన్న కూలీ కట్టే పన్ను నుంచి ఎందుకు పోవాలి?

అయితే ఆ నియమం నిలబడలేదని అమెరికా అనుభవమే చూపిస్తోంది. 2006లో లెబనాన్ నుంచి తరలించేటప్పుడు ప్రోనోటు అడిగారు, విమర్శలు రాగానే మాఫీ చేశారు. 2021లో అఫ్ఘానిస్థాన్ రాజధాని కాబూల్ నుంచి తరలించే విషయంలోనూ ముందు 2,000 డాలర్లు, ఆపైన కావచ్చని చెప్పి, తర్వాత వసూలు చేయబోమన్నారు. తుపాకుల మధ్య నిలబడిన మనిషి ముందు కాగితం పెడితే అతడు ఏదైనా సంతకం చేస్తాడు. కాబట్టి ఆ సంతకాన్ని ఒప్పందంగా చూడడం నాకు సమంజసంగా తోచదు. పైగా మనవారు ఇప్పటికే కొంత కడుతున్నారు: విదేశాల్లో కాన్సులర్ సేవలు పొందేటప్పుడు తీసుకునే చిన్న రుసుముతోనే 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి నడుస్తోంది. చిక్కుకున్న పేదలకు టికెట్ కొనివ్వడం, యుద్ధ ప్రాంతాల నుంచి తరలించడం దాని పనుల్లో ఉన్నాయి.

నా మాట ఏమిటంటే, ప్రమాద స్థలం నుంచి మొదటి సురక్షిత దేశం దాకా ఎవరి దగ్గరా పైసా అడగకూడదు. అక్కడి నుంచి ఇంటికి చేరే ఖర్చును మాత్రం ఎవరు పంపారో వారి దగ్గర రాబట్టవచ్చు. ఉద్యోగిని పంపిన కంపెనీకి ఆ స్తోమత ఉంటుంది. కూలీలను పంపే లైసెన్సు ఏజెంటు 1983 వలసల చట్టం కింద ప్రభుత్వానికి హామీ సొమ్ము కట్టి ఉంటాడు, కార్మికులను వెనక్కి రప్పించే ఖర్చుకు కూడా దాన్ని ఉద్దేశించారు. కనుక గల్ఫ్‌కు పంపే ముందు ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. లైసెన్సు లేనివాడి దగ్గర రాబట్టడానికి ఏమీ ఉండదు.

బీమా, రసీదులు

ప్రయాణ బీమా ఉందన్న ధీమా వద్దు. మినహాయింపుల పేజీలో యుద్ధం, దండయాత్ర, అంతర్యుద్ధం అన్న మాటలు సాధారణంగా ఉంటాయి. కొనేటప్పుడే ఆ పేజీ చదివించుకోండి.

ఇంట్లో ఎవరైనా అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వారు మన లెక్కలోకి వస్తారన్న హామీ లేదు. అమెరికా రాయబార కార్యాలయం చెప్పే షరతులు కూడా వారు తెలుసుకుని ఉండాలి. భార్యాభర్తల పాస్‌పోర్టులు వేర్వేరు దేశాలవైతే ఎవరు ఏ విమానం ఎక్కాలో ముందే తేల్చుకోవాలి.

టికెట్, బస్సు, బస రసీదులన్నీ ఫొటో తీసి ఆ రోజే ఇంటికి పంపమని పిల్లలకు చెప్పండి. రసీదు ఇవ్వని డ్రైవరు ఫోన్ నంబరు, కట్టిన మొత్తం, తేదీ రాసి పంపినా సరిపోతుంది. తర్వాత ఏజెంటు దగ్గరికో, కంపెనీ దగ్గరికో, కలెక్టరేట్‌కో వెళ్లేటప్పుడు తేదీల వారీగా పేర్చిన ఆ కాగితాలతో పాటు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, సరిహద్దు ముద్ర పడిన పేజీ నకలు జతచేసి, అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒక దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.