పాత బ్యారక్‌కి వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి

పాత మిలిటరీ క్యాంపు, అందులో సిపాయిలు ఉండే భవనం అంటే బ్యారక్ చూడ్డానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది గేటు దగ్గరున్న ఫిరంగితో ఫొటో దిగి, బోర్డు మీద రెండు లైన్లు చదివి వచ్చేస్తారు. ఆ ఫిరంగి చాలాచోట్ల ఎవరో తర్వాత తెచ్చి పెట్టిందే. గోడలు, కిటికీలు, మరుగుదొడ్లు చూడండి. కట్టించినవాళ్లు ఆ రోజుల్లో దేనికి భయపడ్డారో అవి చెప్పేస్తాయి. ఆ భయం ఏమిటో పట్టుకుంటే కట్టడం ఏ కాలందో కూడా అంచనా వేయొచ్చు.

వెళ్లేముందే ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఆ చోటును పైనుంచి చూడండి. యూరప్‌లో మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం, అచ్చం పేకముక్క ఆకారం కనిపిస్తే అది రోమన్లది అయ్యే అవకాశం ఎక్కువ. చుట్టూ కందకం, తవ్విన మట్టితోనే పోసిన కట్ట, సాధారణంగా నాలుగు ద్వారాలు, మధ్యలో ప్రధాన కార్యాలయం. పూడిపోయిన కందకం కూడా ఎండాకాలంలో పైనుంచి దొరికిపోతుంది, ఎందుకంటే అక్కడ మట్టి లోతుగా, తేమగా ఉండి పైరు చుట్టుపక్కల కంటే పచ్చగా ఉంటుంది. రోమన్ సైన్యం దండయాత్రలో ఉన్నప్పుడు రాత్రి బస కోసం కూడా ఇదే పద్ధతిలో కట్ట పోసేది. చీకట్లో శత్రువు మీద పడతాడన్నదే వాళ్ల భయం.

లోపలికి వెళ్లాక ఒక గదిలో ఎంతమంది పడుకునేవారో లెక్కేయండి. రోమన్లకి ఎనిమిది మంది ఒక జట్టు. బయట ఉంటే ఒకే తోలు డేరా, కోటలో అయితే రెండు గదులు, ముందు దాంట్లో ఆయుధాలు, వెనక దాంట్లో పడక. బ్యారక్ చివర పెద్ద గదులు కనిపిస్తే అవి సెంచూరియన్‌వి, అంటే ఆ జట్లన్నిటి మీదా ఉండే అధికారివి. తర్వాత మరుగుదొడ్డి ఎక్కడుందో వెతకండి. ఇంగ్లండ్ ఉత్తరాన హౌస్‌స్టెడ్స్ కోటలో అది స్థలంలోకెల్లా పల్లంగా ఉన్న మూలలో ఉంది. పక్కపక్కనే కూర్చునే వరుసలు, వాటి కింద లోతైన కాలువ, కాళ్ల ముందు కడుక్కోవడానికి రాతిలో చెక్కిన సన్నని నీటి కాలువ ఇప్పటికీ కనిపిస్తాయి. నన్నడిగితే ఆ కోటలో ముందు చూడాల్సింది అదే.

రోమన్ల తర్వాత వందల ఏళ్లపాటు యూరప్‌లో సైనికుల్ని ఎక్కువగా జనం ఇళ్లలో, సత్రాల్లో దించేవారు. ఇంట్లో తెలియని సిపాయి తిని పడుకుంటుంటే ఎవరికి నచ్చుతుంది? 1628లో ఇంగ్లండ్ పార్లమెంటు రాజుకి పెట్టుకున్న హక్కుల విన్నపంలో ఈ ఫిర్యాదు ఉంది, 1791లో అమెరికా రాజ్యాంగానికి చేసిన మూడో సవరణ అయితే అచ్చంగా దీని గురించే. ఈ గొడవ తగ్గించడం కూడా విడిగా బ్యారక్‌లు కట్టడానికి ఒక కారణం. కానీ 18వ శతాబ్దం కట్టడాల్లో ఇంకోటి కూడా చూడాలి, గోడలో తుపాకీ పెట్టే సన్నని కంతలు. అవి ఎవరి వైపు చూస్తున్నాయి? స్కాట్లండ్‌లోని రూథ్వెన్ బ్యారక్‌ని 1715లో రాజు మీద జరిగిన తిరుగుబాటు తర్వాత కట్టారు, దాని గురి పరాయి సైన్యం మీద కాదు, చుట్టుపక్కల జనం మీదే. లోపల ఒక్కో మంచానికి ఇద్దరు సిపాయిలు.

19వ శతాబ్దానికి వచ్చేసరికి భయమంతా రోగం మీదకి మళ్లింది, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి. అంతకుముందు బ్రిటిష్ బ్యారక్ గది ఎలా ఉండేదంటే, మంచాలు ఆనుకుని ఉండేవి, రాత్రి మూత్రానికి గదిలోనే తొట్టి పెట్టేవారు, పెళ్లయిన సిపాయి భార్య అదే గదిలో ఓ మూల దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం చేసేది. రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధం ముగిశాక, అందులో నర్సుగా పనిచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ అంకెలు తీసి చూపిస్తే, యుద్ధం లేనప్పుడు కూడా బ్యారక్‌లో ఉన్న కుర్రాళ్లు అదే వయసు మామూలు జనం కంటే దాదాపు రెండింతలు చనిపోతున్నారని తేలింది. కారణం గాలి, నీళ్లు, మురుగు. అందుకే ఎదురెదురు కిటికీలు, ఎత్తైన పైకప్పు, ఒకదానికొకటి దూరంగా విడివిడి బ్లాకులు ఉంటే అది ఆ తర్వాతి ఆలోచన అనుకోండి. పాత గోడలో చుట్టూ కొత్త ఇటుకలు పేర్చిన కిటికీలు కనిపిస్తే, గాలి కోసం వాటిని తర్వాత పెట్టారేమో చూడండి.

అర్ధచంద్రాకారం రేకుల షెడ్లయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు, 1916లో నిస్సెన్ అనే ఇంజనీరు రూపొందించినవి లేదా వాటి వారసులు. అక్కడ యుద్ధకాలంలో త్వరగా కట్టేయాలన్న తొందర తప్ప ఇంకేం లేదు.

ఇప్పటి క్యాంపుల్లో చూడాల్సింది కంచెకీ భవనానికీ మధ్య ఖాళీ. 1983లో లెబనాన్ రాజధాని బేరూత్‌లో బాంబుల ట్రక్కు నేరుగా బ్యారక్‌లోకి దూసుకొచ్చి 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. గేటు ముందు వంకర్లు తిరిగే దారి, మట్టి నింపిన పెద్ద వైరు బుట్టల గోడ, రోడ్డుకి దూరంగా జరిపిన పడక గదులు అన్నీ ఇలాంటి దాడుల భయంతో వచ్చినవే.

సైన్యం ఖాళీ చేసిన చోట అయితే, దాన్ని ఇప్పుడు దేనికి వాడుతున్నారో కనుక్కోండి. డబ్లిన్‌లో కాలిన్స్ బ్యారక్ మ్యూజియం అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1776 నాటి ప్రెసీడియో 1994లో నేషనల్ పార్కు చేతికి వెళ్లింది, పాత ఇళ్లు అద్దెకిస్తున్నారు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఫ్రెంచి సైన్యం వదిలేసిన స్థలం వోబన్ అనే కార్లు తక్కువ ఉన్న కాలనీ అయింది. కానీ ఖాళీ బ్యారక్‌లన్నిటికీ ఇంత మంచి గతి పట్టలేదు, నాజీలు లక్షలమందిని చంపిన ఆష్విట్జ్‌లో మొదటి క్యాంపు అంతకుముందు పోలండ్ సైన్యం బ్యారకే.

వాడుకలో ఉన్న క్యాంపు దగ్గర మాత్రం అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు, డ్రోన్ సంగతి అసలు తలపెట్టొద్దు. మూసేసిన చోట్ల పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం, విరగ్గొట్టకండి. కాల్పుల ప్రాక్టీసు జరిగిన మైదానం పక్కనే ఉంటే వేసిన దారి దిగొద్దు. మట్టిలో తుప్పు పట్టిన గొట్టంలాంటిది కనిపిస్తే అది పేలని గుండు కావచ్చు, ముట్టుకోకుండా, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఆ చోటు గుర్తులు చెప్పి పోలీసులకి ఫోన్ చేయండి.