సముద్రం అడుగు రాక్షసి సినిమా డిస్కు తెప్పించి ఇంట్లో సరిగ్గా చూడటం ఎలా?

సముద్రం అడుగున మైనింగ్ చేసే బ్యాచ్ ఒకటి, వాళ్ళకి దొరికిన మునిగిపోయిన రష్యా ఓడ, అందులోంచి తెచ్చుకున్న వోడ్కా తాగినోడు మెల్లగా మనిషి ఆకారం పోయి ఇంకోటేదో అయిపోవడం. 1989లో వచ్చిన ‘లెవియాథన్’ కథ ఇదే. బారువ తీరం దగ్గర నీళ్ళ కింద పాత స్టీమర్ పడుందని తెలిసిన మన శ్రీకాకుళం వాళ్ళకి ఇది కొంచెం ఎక్కువే ఎక్కుతాది. ఓటీటీలో దొరకదా అంటే, ఇలాంటి పాత సినిమాలు ఓ నెల ఉంటాయి, మరో నెల వెతికితే ఉండవు, అందుకే డిస్కు గోల.

ముందు రేటు కాదండీ చూడాల్సింది, రీజియన్. బ్లూరే (డీవీడీ తర్వాత వచ్చిన హెచ్‌డీ డిస్కు) కోసం ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేశారు, అమెరికా ఏ, ఇండియా సీ. ఏ లాక్ ఉన్న డిస్కు ఇక్కడ కొన్న ప్లేయర్‌లో పెడితే స్క్రీన్ మీద ఓ మెసేజ్ వేసి ఊరుకుంటాది, అంతే సంగతులు. డీవీడీ అయితే వాళ్ళది 1, మనది 5. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో డీవీడీ రీజియన్ మార్చుకోవచ్చు గానీ 5 సార్లే, ఆ తర్వాత చివర్లో ఏది పెట్టారో దాని మీదే లాక్ అయిపోతాది. 4కే డిస్కులకి మాత్రం ఈ తలనొప్పి లేదు, ఎక్కడిదైనా 4కే ప్లేయర్‌లో ఆడతాది, కాకపోతే అదే బాక్సులో ఇచ్చే మామూలు బ్లూరేకి లాక్ ఉండొచ్చు, చాలాసార్లు మేకింగ్ వీడియోలన్నీ అందులోనే పడేస్తారు. కవర్ వెనకాల చిన్న గుర్తులో అక్షరం ఉంటాది, ఆర్డర్ పెట్టేముందు ఆ ఫొటో అడిగి చూసుకోండి.

పార్సిల్ వచ్చాక ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పండి, పగిలిన డిస్కు వస్తే రిటర్న్‌కి అదే సాక్ష్యం. డిస్కుని అంచులు పట్టుకుని తీయాలి, మధ్యలో బటన్ నొక్కకుండా లాగితే చిట్లుతాది. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్ళల్లో గాలికి ఉప్పు జిడ్డు పడతాది కదా, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దొద్దు. బ్లూరేలో డేటా పొర మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటర్ లోపలే ఉంటాది, డీవీడీలో 0.6, అందుకని లుంగీ అంచుతో తుడిచే అలవాటు ఉంటే మానుకోండి.

ఇక టీవీ దగ్గరే అసలు పని, నన్నడిగితే సగం మంది సినిమా పాడుచేసుకునేది ఇక్కడే. షాపులో పెట్టిన వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. తర్వాత మోషన్ స్మూతింగ్ ఆఫ్ చేయండి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ అని ఎక్కడ కనపడితే అక్కడ నొక్కి చూడండి. ఎందుకు ఇంత పట్టుదల అంటే, ఆ రోజుల్లో రాక్షసి అంటే రబ్బరు సూట్‌లో దూరిన మనిషే, సెకనుకి 24 ఫ్రేముల్లో మసక చీకట్లో చూస్తే ఒళ్ళు జలదరిస్తాది, అదే టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు కలిపేసి నున్నగా చేసిందనుకోండి, పేరంటానికి రబ్బరు వేషం వేసుకొచ్చినోడిలా కనపడతాడు. ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ (ఆ 24 ఫ్రేముల్ని అలాగే టీవీకి పంపేది) ఉంటే అదీ ఆన్ చేయండి. పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు కాబట్టి రావాలి కూడా, ఎవరో ఒకరు జూమ్ చేయమని గోల పెడతారు, చేశారో పక్కల్లో దాదాపు పావు వంతు బొమ్మ పోతాది, ఆ రాక్షసి వచ్చేది కూడా పక్క నుంచే. పాత క్యాసెట్ల కాలంలో ఇంతకన్నా ఘోరం, చదరపు టీవీకి సరిపెట్టడానికి 40 శాతం పైనే కోసేసేవారు.

సౌండ్ సంగతి సింపుల్, సౌండ్‌బార్ ఉంటే సబ్‌వూఫర్ కాస్త పెంచండి, మాటలు సరిగ్గా వినపడకపోతే సబ్‌టైటిల్స్ పెట్టేసుకోండి, తెలుగు డబ్బింగ్ ఉంటాదని ఆశ పడకండి. లైట్లన్నీ ఆపేయండి, కిటికీ తెర లాగేయండి. ప్లేయర్‌నీ టీవీనీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి, మన దగ్గర తుఫాను టైమ్‌లో కరెంట్ ఎప్పుడు పోతాదో తెలీదు, మధ్యలో ఆగితే చాలా ప్లేయర్లు మళ్ళీ మొదటి నుంచి మొదలెడతాయి, అప్పటికి వేయించిన పలాస జీడిపప్పు కూడా అయిపోయుంటాది.

ఎక్స్‌ట్రాలు సినిమా అయ్యాకే పెట్టండి. ఆ రాక్షసిని తయారు చేసింది హాలీవుడ్ మేకప్, ఎఫెక్ట్స్ నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ టీమ్, వాళ్ళ పనితనం చూడాల్సిందే గానీ ముందే చూసేస్తే చివరి అరగంటలో భయం పోయి అతుకులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటా కూచుంటారు.