పాత పోస్టాఫీసు కట్టడం వయసు తేల్చడం: బరంపురం, పర్లాకిమిడి వైపు పనిచేసేవారికి

అన్నిటికన్నా ముందు ఒక సంగతి. పోస్టాఫీసు వయసు వేరు, అది నడుస్తున్న కట్టడం వయసు వేరు. పాత కవరు మీద ఆ ఊరి ముద్ర, 1880ల నాటి తేదీ కనబడితే అప్పటికి అక్కడ ఆఫీసు ఉందని మాత్రమే తేలుతుంది. ఎన్నో ఆఫీసులు అద్దె ఇళ్లలో మొదలై, చోట్లు మారాయి. అందుకే మొదటి ప్రశ్న: ఈ భవనం శాఖ సొంతమా, అద్దెదా? అద్దెదైతే మొదట ఇల్లుగానో కచేరీగానో కట్టి, కౌంటరు తర్వాత పెట్టి ఉండొచ్చు.

తపాలా డివిజన్ సూపరింటెండెంటుకు ఉత్తరం రాసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే కొలతలకు దిగండి. నగదు గదిని, కౌంటరు దగ్గరి ఖాతాదారులను ఫొటో తీయవద్దు. ఇద్దరు మనుషులు, 30 మీటర్ల టేపు, టార్చి, ఒక ఆర (చెక్కలో గుచ్చి చూడటానికి మొన ఉన్న పనిముట్టు) చాలు.

గదుల కొలతలు మీటర్లలో రాసుకుని అడుగుల్లోకి మార్చండి. 3.66, 4.88, 5.49 మీటర్లు వస్తే అవి 12, 16, 18 అడుగులు. అన్ని గదులూ ఇలా నిండు అడుగుల్లో వస్తే మెట్రిక్ కొలతలు రాకముందు కట్టినదని గట్టిగా అనుమానించవచ్చు. అయినా దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి, మేస్త్రీలు ఇప్పటికీ అడుగుల్లోనే ముగ్గు పోస్తారు. గోడలో పెచ్చు ఊడినచోట సందులోని అడుసును తాళంచెవితో గీకండి. తెల్లగా, సున్నపు పలుకులతో పొడి రాలితే సున్నం. బూడిదరంగులో గీత పడకుండా ఉంటే సిమెంటు.

ఎక్కువ సమయం పైకప్పుకు ఇవ్వండి. మద్రాసు మిద్దె అయితే కిందనుంచి చూస్తే టేకు వాసాలు, వాటి మీద ఏటవాలుగా, అంచు మీద నిలబెట్టిన పలచటి ఇటుకలు కనబడతాయి. ఆ ఇటుక 6 అంగుళాల పొడవు, 3 వెడల్పు, 1 మందం. దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటును 3 అంగుళాలు పోసి, చెక్క బడితెలతో మూడు రోజులు కొట్టి 2 అంగుళాలకు దించుతారు. ఆపైన రెండు మూడు వరసల పలక పెంకులు, చివర గచ్చు. నీరు జారడానికి 36 అడుగులకు ఒక అడుగు వాలు. ఇంత ఓపికగా చేసిన కప్పును పాడుచేసేది ఎక్కువగా మరమ్మతే. కారుతోందని పైన సిమెంటు పూస్తారు; అది బీటలు వారుతుంది; ఆ బీటల్లోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆరలేక గోడలో దూరిన వాసం కొనకు చేరుతుంది. ఆరతో గుచ్చాల్సింది అక్కడే. ములుకు మెత్తగా దిగితే కొన కుళ్లింది, నడిమి భాగం ఎంత గట్టిగా ఉన్నా సరే. పిట్టగోడలో రావిమొక్క ఉంటే పైన కోసి ఊరుకోవద్దు. వేరు చావదు, మళ్లీ చిగురిస్తుంది. పాత గోడల మీద ఆర్‌సీసీ స్లాబు కనబడితే కప్పు మార్చారన్నమాట. గోడ వయసు, కప్పు వయసు విడివిడిగా రాయండి.

ముద్రలు చదవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మంగుళూరు పెంకు మీద 1865 అని ఉంటే అది పెంకు చేసిన ఏడాది కాదు, బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పెంకుల కార్ఖానా మొదలైన ఏడాది. ఇనుప దూలం మీద టాటా పేరుంటే ఆ దూలం 1912 తర్వాతది. పలక మీద ‘పి అండ్ టి’ (పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్) అని చెక్కి ఉంటే 1985కు ముందుది, తపాలా, టెలికాం శాఖలు విడిపోయింది ఆ ఏడే.

గోడలో పూడ్చేసిన కిటికీలు, తలుపులు వెతకండి. పైన కమాను ఇటుకలు వరసగా ఉండి కింద నింపిన ఇటుక రంగు మారితే అక్కడొక తోవ ఉండేది. మనియార్డరు 1880లో, సేవింగ్స్ బ్యాంకు 1882లో వచ్చాయి. పనులు పెరిగేకొద్దీ కౌంటర్లు పెంచారు, వరండాలు మూసి గదులు చేశారు. బయటి గోడ మీద పింగాణీ ఇన్సులేటర్లు మిగిలి ఉంటే టెలిగ్రాఫు తీగ ఎటునుంచి లోపలికి వచ్చిందో పటంలో గుర్తించండి. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది కాబట్టి తర్వాత గోడలకు సున్నం వేసేటప్పుడు అవి పోతున్నాయి.

ఇక కాగితాలు. బరంపురం, పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలో. కాబట్టి అంతకు ముందరి దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, తర్వాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. బరంపురం పేరుతో వెతికితే బెంగాల్‌లోని ముర్షిదాబాదు బరంపురం కాగితాలు కూడా వచ్చి పడతాయి. పక్కన ‘గంజాం’ అనే మాట ఉందో లేదో చూసుకోండి. పర్లాకిమిడికి ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడున్నాయి, అన్నిటితో వెతకాలి.

దొరికిన ప్రతి తేదీ పక్కనే అది దేనివల్ల తెలిసిందో రాయండి. ఏడాది తేలకపోతే ‘1912 తర్వాత, 1936కు ముందు’ అని రెండు హద్దులూ పెట్టి వదలండి.