సెల్ఫ్ తిరుగుతుంది కానీ బండి స్టార్ట్ కాదు: పాత కారు ఉన్నవాళ్ళు వానలకు ముందే చూసుకోవాల్సినవి

మృగశిర కార్తె దగ్గర పడింది. ఇంట్లో పాత మారుతి 800, ఓమ్ని, ప్రీమియర్ పద్మిని లాంటి కార్బురేటర్ పెట్రోల్ బండి ఉంటే ఈ వారంలోనే ఒక సాయంత్రం దానికోసం ఖాళీ చేసుకోండి. ఎండాకాలమంతా తాళం తిప్పగానే స్టార్ట్ అయిన బండి మొదటి ముసురుకే మొరాయిస్తుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు అంతే.

అప్పుడు చాలామంది చేసే పని మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. నేనూ చేశాను. మూడేళ్ళ కిందట అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పొద్దున మా నాన్న కారు ఇలాగే చేస్తే, టెన్షన్‌లో పావుగంట సెల్ఫ్ కొట్టి బ్యాటరీ మొత్తం దించేశాను. ఆటోలో వెళ్ళొచ్చాక బానెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే లోపలి గోడల మీద ఆవగింజలంత నీటిబొట్లు. రాత్రంతా కురిసిన వానకి పట్టిన చెమ్మ. పొడిగుడ్డతో రెండు నిమిషాలు తుడిస్తే పోయేదానికి, పక్కింటివాళ్ళ బ్యాటరీ అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ముందు చెప్పేది ఇదే: సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు దాటకూడదు, తర్వాత కనీసం అర నిమిషం ఆగాలి, మూడుసార్లకి కాకపోతే తాళం తీసేయాలి. ఒకవేళ రాత్రి వీధిలో నీళ్ళు నిలిచి బండి మునిగి ఉంటే ఆ మూడుసార్లు కూడా వద్దు. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, తడిగా ఉంటే తాళం ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలవండి. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళాయంటే, నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు కదా, పిస్టన్ పైకొచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్ళలో ఉన్న బండికి సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పోతే మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా డబ్బులివ్వదు.

నీళ్ళ సంగతి లేదనుకుంటే, తేల్చుకోవాల్సింది ఒక్కటే: రానిది కరెంటా, పెట్రోలా? ఇది తెలియకుండా ఏ పార్టూ కొనకండి.

దానికంటే ముందు బ్యాటరీ. ఇంజన్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే అనుకుంటారు గానీ అది పొరపాటు. ఉన్న కరెంటంతా సెల్ఫ్ మోటారే లాగేసుకుంటే, ప్లగ్గుల్లో నిప్పుకి కావాల్సిన వేల వోల్టులు తయారుచేసే కాయిల్‌కి మిగలదు. మల్టీమీటర్ ఉంటే పెట్టి చూడండి, ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతే ముందు ఛార్జింగ్‌కి పెట్టండి.

ఇక కరెంటు. బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒక ప్లగ్గు విప్పి చూడండి. దాన్ని మళ్ళీ దాని వైరుకే తగిలించి, మర ఉన్న భాగం ఇంజన్ ఇనుముకి గట్టిగా ఆనేలా పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. టప్ టప్ మని నీలంగా నిప్పు ఎగిరితే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, దాని లోపల తిరిగే రోటరు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు వరసగా చూసుకోవాలి. ఈ పరీక్షలో ప్లగ్గుని, వైరుని ఉత్త చేతులతో పట్టుకోకండి, వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు ఇనుముకి ఆనకుండా గాల్లో వేలాడితే కొన్ని బండ్లలో ఇగ్నిషన్ మాడ్యూల్ (నిప్పుని నడిపే ఎలక్ట్రానిక్ భాగం) కూడా పోతుంది. చుట్టుపక్కల పెట్రోల్ వాసన వస్తుంటే, ప్లగ్గు తడిసి ఉంటే, అది ఆరిపోయేదాకా ఈ పరీక్షే పెట్టుకోవద్దు.

ప్లగ్గు తడిసిందంటే పెట్రోల్ వస్తోంది, ఎక్కువైంది కూడా. చోక్ లోపలికి తోసేసి, యాక్సిలరేటర్ చివరిదాకా నొక్కి పట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. మధ్యమధ్యలో పంపు కొట్టినట్టు తొక్కారంటే ఇంకా పెట్రోల్ పోస్తున్నట్టే. ప్లగ్గు ఎండిపోయి ఉంటే పెట్రోల్ రావట్లేదన్నమాట, ఫిల్టరు, పైపులు, పంపు చూడాలి. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను, కార్బురేటర్‌లో సీసాతో పెట్రోల్ పోస్తూ సెల్ఫ్ కొట్టించే అలవాటు షెడ్డుల్లో కూడా ఉంది. ఇంజన్ వెనక్కి తన్నిందంటే మంట నేరుగా సీసా పట్టుకున్న చేతికే వస్తుంది. దయచేసి ఎవరు చెప్పినా చేయకండి.

కరెంటూ, పెట్రోలూ రెండూ ఉండి కూడా స్టార్ట్ కాక, పైగా సెల్ఫ్ ఎప్పటికంటే తేలిగ్గా, బరువు లేనట్టు తిరుగుతుంటే ఇంజన్ వాల్వుల్ని సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు తెగిందేమో. అది ఇంట్లో తేలే పని కాదు, ఆపేయండి. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చల్లే ఎంపీఎఫ్ఐ బండి అయితే తాళం ఆన్‌లో పెట్టగానే వెనక ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా జుయ్ మనే పెట్రోల్ పంపు శబ్దం వినబడాలి, లేకపోతే ఫ్యూజు, రిలే దగ్గర మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆ సాయంత్రం చేయాల్సిన పని. చీకటి పడ్డాక ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, లైట్లు ఆర్పి, ప్లగ్గు వైర్ల మీద స్ప్రే సీసాతో మంచులా కొంచెం నీళ్ళు చల్లండి. చేతులూ, చున్నీలూ బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉంచి చూడండి. వైర్ల మీద సన్నని నీలం మెరుపులు పాకుతూ కనబడితే ఆ సెట్టు మార్చేయాల్సిందే, వానలో మీ బండిని ఆపేది అదే. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల వెంట్రుకలాంటి నల్లగీత ఉన్నా మార్చాలి, తుడిస్తే పోదు.

పెట్రోల్ పైపుల్ని ఇంజన్ చల్లారాక వేళ్ళతో వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరు దానికి తట్టుకోలేక మెత్తబడుతుంది, పగుళ్ళిస్తుంది. ఇథనాల్ చెమ్మనీ పీల్చుకుంటుంది, అందుకని వానాకాలంలో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టకండి.

డిక్కీలో ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు, రెండు ఫ్యూజులు, పాలిథిన్ కవర్లో చుట్టిన పొడిగుడ్డ ఉంచుకోండి. వానలకి ఎలుకలు వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరతాయి, బండి వారం కదలకపోతే తాళం తిప్పేముందు ఒకసారి ఎత్తి వైర్లు చూడండి.