మైకు లేకుండా చిన్న గదిలో కచేరీ: ఊరి సంగీత సభలకు కొన్ని సూచనలు

మన ఊళ్లలో సంగీత సభలవారు కచేరీ అనగానే కల్యాణ మండపం, నిలువెత్తు స్పీకర్లు, వేదిక వెనుక ఫ్లెక్సీ గురించి ముందుగా ఆలోచిస్తారు. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ మోగిన కాలంలో వాద్యానికీ వినేవారికీ మధ్య యంత్రమేదీ లేదు. ఆ దగ్గరతనాన్ని ఈనాడు తిరిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. 60, 70 మంది పట్టే గది, ఒక తంబుర, వినడానికే వచ్చే శ్రోతలు ఉంటే, ఏ చిన్న సభ అయినా ఏడాదికి మూడు నాలుగు కచేరీలు మైకు లేకుండా నిర్వహించుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం గది. అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలు, గ్రంథాలయంలోని సమావేశ మందిరం, పాత మండువా లోగిలి, ఇవన్నీ పనికొస్తాయి. కళాకారులు కూర్చోబోయే చోట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. శబ్దం గోడల మధ్య కొట్టుకుంటూ ఖంగుమని సాగితే సాహిత్యం అలుక్కుపోతుందని అర్థం. అలాంటప్పుడు ఎదుటి గోడకు మందమైన తెరలు కట్టి, నేలమీద జంపఖానాలు పరిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కళాకారుల వెనుక గోడను మాత్రం ఉత్తగానే వదిలేయాలి, ఎందుకంటే గాత్రాన్ని శ్రోతల వైపు తిప్పి పంపేది ఆ గోడే. వేదికను పొడుగాటి గోడకు ఆనించి, శ్రోతలను అర్ధచంద్రాకారంలో నాలుగైదు వరుసలకు మించకుండా కూర్చోబెడితే, చివరి వరుసవారు కూడా గాయకుడికి దగ్గరగానే ఉంటారు. వేదిక ఒక అడుగు ఎత్తు ఉంటే చాలు.

గది దొరికాక, కచేరీకి సరిగ్గా వారం ముందు, అదే వేళకు అక్కడ అరగంట మౌనంగా కూర్చుని, ఫ్యాన్ల రొద, పక్కింటి మోటారు, వీధిలో హారన్లు, గుడి మైకు, ఏవేవి వినిపిస్తాయో రాసుకోండి. పంచాంగం కూడా చూడాలి. మంచి ముహూర్తం ఉన్న సాయంత్రం వీధిలో పెళ్లి ఊరేగింపు రాకుండా ఉండదు, బ్యాండు మేళం ముందు ఏ గాత్రమూ నిలవదు. వినాయక చవితి, దసరా రోజులను వదిలేయడమే మంచిది. ఫ్యాన్లు ఆపినా ఉక్కపోయని చలికాలం మనకు అనువైనదే గానీ, డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా పేరున్న విద్వాంసులు చెన్నై మార్గళి (ధనుర్మాస) సంగీతోత్సవాల్లో తీరిక లేకుండా ఉంటారు కాబట్టి, జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు తేదీలు అడగడం తెలివైన పని. నా మటుకు ఆదివారం ఉదయం ఏడు గంటల వేళ అన్నిటికంటే నచ్చుతుంది. వీధి అప్పటికింకా నిద్రలేవదు, బౌళి, మలయమారుతం వంటి ఉదయరాగాలను వాటి వేళలోనే వినే అవకాశం సాయంకాలపు కచేరీల్లో మనకు దొరకదు.

కళాకారులను పిలిచేటప్పుడే మైకు ఉండదన్న సంగతి గాయకుడికీ, వయొలిన్, మృదంగ విద్వాంసులకూ విడివిడిగా చెప్పాలి. మృదంగం చిన్న గదిలో తేలిగ్గా మిగతా నాదాలను మింగేస్తుంది, అందుచేత గాత్రాన్ని వింటూ చేయి తగ్గించి వాయించగలవారినే ఎంచుకోవాలి. ఘటం, కంజీర ఈ కొలతకు ఎక్కువే. గాయకుడికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్ ఉండటం వాడుక, మృదంగ విద్వాంసుడు ఎడమచేతివాటం వారైతే ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు.

తంబుర విషయంలో రాజీ పడవద్దని నా గట్టి అభిప్రాయం. ఎలక్ట్రానిక్ పెట్టె పెద్ద హాల్లో పని గడుపుతుందేమో గానీ, చిన్న గదిలో అసలు తంబుర నాదం గదంతా పరచుకుని పాటకు పునాది అవుతుంది. గుర్రం (తీగలను మోసే చిన్న చెక్క) మీద తీగల కింద ఉండే నూలు దారాన్ని వెంట్రుకవాసి జరిపినా నాదంలోని జీవం మారిపోతుంది కనుక, దాన్ని సవరించడం తెలిసిన వ్యక్తిని ఊళ్లోనే ముందుగా వెతికి పెట్టుకోవాలి. గాయకుడి శ్రుతి ఎంతో వారం ముందే అడిగి తెలుసుకుంటే తగిన తంబురను సిద్ధం చేయవచ్చు. గదిలో ఏసీ ఉంటే ఆ ఏసీని కచేరీకి గంట ముందే వేసి, వాద్యాలను అప్పుడే లోపలికి తెప్పించాలి. తోలూ కర్రా గది చలికి అలవాటు పడకముందే రాయీ పుల్లా పట్టుకుని మృదంగం మూతను సరిచేసినా, రెండో కీర్తనకే శ్రుతి జారిపోతుంది. ఏసీ చప్పుడు చేసేదైతే మొదటి పాటకు ముందు ఆపేయండి.

మొదటి కచేరీకి వీణను పిలవమని నా సలహా. బొబ్బిలి వీణలాగా ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణను నాలుగడుగుల దూరం నుంచి వింటే, మీటు తర్వాత మిగిలిన నాదంలోనే తీగను లాగి పలికించే గమకం చివరిదాకా చెవికందుతుంది. స్పీకర్లలో మీటు పెద్దదై ఈ తోక భాగం పోతుంది. ఈనాటి వైణికులలో చాలామందికి కాంటాక్ట్ మైకు (వాద్యానికే అతికించే చిన్న మైకు) అలవాటు కాబట్టి, ఒకసారి గదికి పిలిచి వాయించి చూడమని వినయంగా అడగాలి.

కార్యక్రమం విరామం లేకుండా గంటన్నర నుంచి రెండు గంటల లోపు ఉంటే చాలు. వర్ణం, రెండు మూడు కీర్తనలు, ఆలాపన, నెరవు (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం), స్వరకల్పనలతో ఒక ప్రధాన రాగం, చిన్న తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం), చివర క్షేత్రయ్య పదమో జావళియో అడగవచ్చు. పదం విళంబంలో, అంటే నెమ్మదైన నడకలో సాగేది, దానిలోని భావం మాట విరుపులోనే ఉంటుంది కనుక, గాయకుడి ముఖం కనిపించేంత దగ్గరలో విన్నప్పుడే అది పూర్తిగా అందుతుంది. రాగం, తాళం, సాహిత్యం అచ్చువేసి ఇస్తే తెలుగు శ్రోతకు ఎంతో మేలు, అయితే పేజీలు తిప్పే అలికిడి రాకుండా అది ఒకే మందపాటి కాగితం అయి ఉండాలి.

ఆలస్యంగా వచ్చినవారిని పాటకూ పాటకూ మధ్యే లోపలికి పంపడానికి తలుపు దగ్గర ఒకరుండాలి. వినికిడి తగ్గిన పెద్దలకు ముందు వరుస కేటాయించండి. పరిచయం రెండు నిమిషాలు, సన్మానం చివరలో ఒక శాలువా, తాంబూలం. కచేరీ మధ్యలో అతిథుల ప్రసంగాలు పెట్టడం పాడేవారికీ వినేవారికీ అన్యాయం చేయడమే. టిఫిను, కాఫీ కచేరీ అయ్యాకే వడ్డించాలి. కళాకారుల పక్కన మాత్రం ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు ఉంచాలి. రికార్డింగు చేయాలనుకుంటే ముందే వారి అనుమతి తీసుకోండి.

డబ్బు విషయానికొస్తే, కచేరీకొక టికెట్టు అమ్మేకంటే సంవత్సర చందా మేలు. ఉదాహరణకు 60 మంది సభ్యులు ఏడాదికి రూ.2,000 చొప్పున ఇస్తే రూ.1,20,000 అవుతుంది, నాలుగు కచేరీలకు తలా రూ.30,000 వస్తుంది. మైకు సెట్టుకూ ఫ్లెక్సీకీ పోయేది మిగులుతుంది కాబట్టి, ఆ మొత్తాన్ని పక్కవాద్యాలవారి పారితోషికానికి కలపండి. ప్రయాణం, బస, పారితోషికం ఎంతో ముందే మాట్లాడుకుని, పక్కవాద్యాలవారికి వారి చేతికే నేరుగా ఇవ్వాలి. సభను రిజిస్టరు చేయించాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బ్యాంకు ఖాతా సభ పేరున తెరిచి, ప్రతి కచేరీ జమాఖర్చులనూ వారంలోగా సభ్యులందరికీ పంపుతుంటే మరుసటి ఏడాది చందాలు అడగడం సులువవుతుంది.