పీసీబీ తనిఖీలో దొరికిన ప్రమాదకర వ్యర్థాల లోపాలు: చిన్న ప్లేటింగ్ యూనిట్లకు సమస్య - పరిష్కారం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో పది పదిహేను మందితో నడిచే, విద్యుత్తుతో లోహపు పూత వేసే ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అధికారులు వచ్చి వెళ్లిన తర్వాత అందే నివేదికలో వాక్యాలు చాలా పొడిగా ఉంటాయి. వ్యర్థాలు 90 రోజులకు మించి నిల్వ ఉన్నాయి, డ్రమ్ములపై లేబుళ్లు లేవు, రిజిస్టరుకూ మానిఫెస్టులకూ (వ్యర్థాలను పంపేటప్పుడు సరుకుతో వెళ్లే పత్రాలకూ) పొంతన లేదు అని ఉంటుంది. ఆ కాగితం చేతికందగానే యజమాని కన్సల్టెంటుకు ఫోన్ చేసి జవాబు రాయించమంటాడు. జవాబు రాయక ముందు ఆ నివేదికను పట్టుకుని ఒక పూటంతా ప్లేటింగ్ లైను పక్కన, ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) పక్కన, వ్యర్థాల షెడ్డులో గడపాలన్నది నా గట్టి అభిప్రాయం. అధికారి రాసింది కంటికి కనబడిన లక్షణం మాత్రమే. దానికి కారణం ఏమిటో ఈటీపీలో మిగిలే మడ్డిని, అంటే స్లడ్జ్‌ను, రోజూ ఎత్తే కార్మికుడికి తెలుస్తుంది, మనం వెళ్లి అడిగితే.

కింద చెప్పినవన్నీ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం, క్రోమ్, నికెల్, జింక్ ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నివేదికలో ఏ వరుసలో ఉన్నా, ప్రాణాపాయం ఉన్నదాన్ని ముందు సరిచేయాలి.

లక్షణం: సయనైడ్ వ్యర్థాలు, ఆసిడ్ డ్రమ్ములు ఒకేచోట ఉన్నాయి

ఇది నివేదికలో అయిదో అంశంగా ఉన్నా మీకు మొదటి అంశమే. సయనైడ్ జింక్ బాత్ (పూత వేసే ద్రావణం తొట్టి) అడుగున చేరిన మడ్డి, పిక్లింగ్‌లో (లోహం మీది తుప్పు వదిలించడంలో) వాడి పారేసే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది. మూసి ఉన్న చిన్న షెడ్డులో అది మనిషిని నిమిషాల్లో చంపుతుంది. ఈ రెండూ పక్కపక్కన చేరడానికి సాధారణంగా స్థలం చాలకపోవడమే కారణం. ఒకే షెడ్డు, ఒకే నేల, ఒకే గుంట ఉంటాయి. డ్రమ్ములు దూరంగా పెట్టినా, కారిన ద్రవాలు రెండూ ఆ ఒక్క గుంటలోకే చేరుతాయి. అందుకే డ్రమ్ములు జరిపినంత మాత్రాన పని అయిపోదు. నివేదిక అందిన రోజే ఆసిడ్‌ను వేరే గదికి మార్చాలి. తర్వాత రెండింటి మధ్య గోడ కట్టి, నేల వాలును విడదీసి, దేని గుంట దానికి వేరుగా తవ్వించాలి. సయనైడ్ కడుగునీటి కాలువ ఆసిడ్ కాలువలో ఎక్కడైనా కలుస్తోందేమో రంగునీళ్లు పోసి చూడండి. పాత షెడ్డుల్లో గచ్చు కింద పైపులు ఎటు వెళ్తున్నాయో యజమానికి కూడా తెలియకపోవడం నేను చూశాను.

లక్షణం: స్లడ్జ్ సంచులు 90 రోజులు దాటి నిల్వ ఉన్నాయి

నిబంధనల్లోని 8వ నియమం ప్రకారం వ్యర్థాలను 90 రోజులకు మించి ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు వ్యర్థాలు వచ్చే చిన్న యూనిట్లకు ఈ గడువును 180 రోజుల వరకు పొడిగించే అధికారం మండలికి ఉంది. అయితే దానికి దరఖాస్తు చేసి అనుమతి పొందాలి. చిన్న యూనిట్ కాబట్టి 180 రోజులు దానంతటదే వర్తిస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కారణాలు చాలావరకు మూడు. మొదటిది, లారీ నిండేంత సరుకు కాలేదని ఆగడం. రెండోది, టీఎస్‌డీఎఫ్‌తో (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పారవేసే కేంద్రంతో) ఒప్పందం గడువు తీరిపోయినా ఎవరూ గమనించకపోవడం. తెలంగాణలో దుండిగల్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం పక్కన పరవాడలో ఈ కేంద్రాలున్నాయి. చెల్లుబాటయ్యే ఒప్పందం లేకుండా అవి సరుకు తీసుకోవు. మూడోది, నా అనుభవంలో అన్నిటికన్నా పెద్దది, తడి స్లడ్జ్. బరువు లెక్కన డబ్బు కట్టాలి కనుక, ఆరిన తర్వాత పంపుదామని యజమాని ఆపుతాడు, వానాకాలంలో అది ఆరదు, సంచులు పేరుకుపోతాయి.

ఈ మూడో కారణాన్ని కాస్త లెక్క వేసి చూడాలి. 80 శాతం తేమ ఉన్న 100 కిలోల స్లడ్జ్‌లో గట్టి పదార్థం 20 కిలోలే. తేమను 50 శాతానికి దించితే అదే స్లడ్జ్ 40 కిలోలు తూగుతుంది. అంటే మిగతా 60 కిలోలు నీళ్ల కోసం మీరు కిరాయి, పారవేత ఖర్చు కడుతున్నారన్నమాట. కాబట్టి స్లడ్జ్ నుంచి నీటిని పిండే చిన్న ఫిల్టర్ ప్రెస్ కొనడమో, ఉన్న ప్రెస్ బట్టలు మార్చడమో, పైకప్పు ఉన్న ఆరబెట్టే గచ్చు కట్టడమో చేస్తే 90 రోజుల సమస్య మూలంలోనే తగ్గుతుంది. ఆ గచ్చు నుంచి కారే నీరు తిరిగి ఈటీపీకే చేరాలి. లారీ నిండదన్న ఇబ్బందికి, అదే వాడలోని ఇతర యూనిట్లతో మాట్లాడుకుని ఒకే రోజున ఒకే అధీకృత వాహనం వచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు కూడా ఎవరి మానిఫెస్టు వారిదిగానే ఉండాలి. ప్రతి సంచికీ నింపడం మొదలుపెట్టిన తేదీ రాసిన చీటీ కట్టండి. ఆ చీటీ లేకపోతే నిన్న నింపిన సంచిని కూడా అధికారి పాతదిగానే లెక్కిస్తారు, కాదని చూపడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

లక్షణం: లేబుళ్లు, బోర్డు లేవు

దీనికి పెద్దగా కారణం వెతకనక్కర్లేదు, పరిష్కారం కూడా ఒక రోజు పనే. ఫారం 8 లేబులు మెరిసే పసుపు రంగు మీద ఉండాలి. ప్రమాదకర వ్యర్థం అనీ, జాగ్రత్తగా వాడాలనీ హెచ్చరించే మాటలు ఎర్ర అక్షరాలతో హిందీ, ఇంగ్లిషు, స్థానిక భాషల్లో కనబడాలి. నీళ్లకు చెరగని పదార్థంతో చేయించాలి. మామూలు కాగితం మీద ప్రింటు తీసి అంటిస్తే ఆసిడ్ ఆవిరికి వారంలో రాలిపోతుంది, తర్వాతి తనిఖీలో అదే అంశం మళ్లీ వస్తుంది. షెడ్డులో పనిచేసేవారిలో ఒడియా, హిందీ మాట్లాడేవారు ఎక్కువగా ఉంటే వారికి అర్థమయ్యే బొమ్మ గుర్తు కూడా పెట్టించండి, నిబంధన అడగకపోయినా సరే. గేటు బయట వ్యర్థాల వివరాల బోర్డు 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నుంచి వచ్చింది. దాని మీద రాసిన పరిమాణాలు మూడేళ్ల కిందటివైతే బోర్డు లేనట్టే.

లక్షణం: లెక్కలు కుదరడం లేదు

తనిఖీ అధికారి నాలుగు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తారు. అవి అనుమతి పత్రంలో ఉన్న పరిమాణం, ఫారం 3 రిజిస్టరు, ఫారం 10 మానిఫెస్టులు, ఏటా జూన్ 30 లోపు ఇచ్చే ఫారం 4 వార్షిక నివేదిక. అనుభవం ఉన్నవారైతే అయిదో కాగితాన్ని కూడా అడుగుతారు, అది రసాయనాల కొనుగోలు బిల్లులు. ఎక్కువ యూనిట్లు చిక్కుకునేది అక్కడే.

ఎందుకో చెబుతాను. క్రోమిక్ ఆసిడ్‌లో బరువు ప్రకారం 52 శాతం క్రోమియం ఉంటుంది. ఏడాదిలో 100 కిలోల క్రోమిక్ ఆసిడ్ కడుగునీటిలోకి పోయిందనుకుంటే, అందులోని 52 కిలోల క్రోమియం శుద్ధి తర్వాత సుమారు 103 కిలోల పొడి క్రోమియం హైడ్రాక్సైడ్ అవుతుంది. 80 శాతం తేమతో అది 500 కిలోలు దాటుతుంది, సున్నం వల్ల చేరే మడ్డి దీనికి అదనం. అలంకరణ క్రోమ్ ప్లేటింగ్‌లో వస్తువు మీద పట్టే క్రోమియం తక్కువ, జిగ్గులతో (వస్తువులను వేలాడదీసే చట్రాలతో) పాటు కారిపోయేదే ఎక్కువ. కాబట్టి బిల్లుల్లో వందల కిలోల క్రోమిక్ ఆసిడ్ కొన్నట్టుండి, రిజిస్టరులో ఏడాదికి 200 కిలోల స్లడ్జ్ కనబడితే, మిగతాది ఎటు పోయిందన్న ప్రశ్న న్యాయమైనదే. కాలువలోకా, చెత్త ట్రాక్టరులోకా? పటాన్‌చెరు పక్కన నక్కవాగు నీరు చెడిపోయి ఊళ్ల రైతులు పడ్డ కష్టం తెలిసినవారెవరూ ఆ ప్రశ్నను వేధింపు అనుకోరు.

అయితే తేడా వచ్చిన ప్రతిచోటా దొంగతనం ఉండదు. రిజిస్టరులో సంచుల సంఖ్యను యాభైతో హెచ్చించి కిలోలుగా రాస్తారు, టీఎస్‌డీఎఫ్ వేబ్రిడ్జి మీద అసలు తూకం వేరుగా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు రాసినది ఆరిన తర్వాత పంపుతారు. ట్యాంకు అడుగు శుభ్రం చేసిన రోజున వచ్చిన మడ్డిని ఎవరూ రాయరు. వాడేసిన ఫిల్టర్ క్యాట్రిడ్జీలను, రెజిన్‌ను లెక్కలోకే తీసుకోరు.

దీనికి చేయవలసింది ఇది. షెడ్డు గుమ్మంలోనే ఒక ప్లాట్‌ఫాం కాటా పెట్టండి, లోపలికి వెళ్లే ప్రతి సంచినీ తూచి అప్పుడే రాయించండి. నెలకొకసారి తేమ శాతం చూసి పక్కన నమోదు చేయండి, తూకంలో తేడాకు అదే సమాధానం. కాగితపు మానిఫెస్టు ఏడు ప్రతుల్లో తెల్లది మీరు మండలికి పంపాలి, పసుపుది మీ దగ్గర ఉండాలి, సరుకు అందుకున్నవారు సంతకం చేసి నీలం ప్రతిని మీకు తిరిగి పంపాలి. చాలా ఫైళ్లలో పసుపు ప్రతులే ఉండి నీలం ప్రతులు కనబడవు. నీలం ప్రతి రాలేదంటే సరుకు చేరిందనడానికి మీ దగ్గర రుజువు లేదు. ఆన్‌లైన్ మానిఫెస్టు అయినా, అందుకున్నట్టు నమోదైందో లేదో మీరే చూసుకోవాలి. వాస్తవ పరిమాణం అనుమతి కన్నా ఎక్కువని తేలితే, దాచకుండా అనుమతి సవరణకు ఫారం 1లో దరఖాస్తు చేయండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత తేదీలతో కొత్త రిజిస్టరు రాయించకండి. అలా రాసిన పుస్తకం ఒకటి నాకు చూపించారు. ఆరు నెలల ఎంట్రీలన్నీ ఒకే నీలం సిరాతో, ఒకే వాలు రాతతో ఉన్నాయి, ఒక్క పేజీ మీద కూడా వేలిముద్ర మరక లేదు. ప్లేటింగ్ షాపులో ఆరు నెలలు తిరిగిన పుస్తకం అలా ఉండదు. లోపాన్ని ఒప్పుకున్న యూనిట్‌కు గడువు దొరకవచ్చు, తప్పుడు రికార్డు పెట్టిన యూనిట్‌ను ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

లక్షణం: స్లడ్జ్ నమూనాలో, లేదా షెడ్డు నుంచి కారిన నీటిలో హెక్సావలెంట్ క్రోమియం ఉంది

సరిగా శుద్ధి అయిన క్రోమ్ స్లడ్జ్ బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. సంచి కింద నేల మీద పసుపు చార కనబడితే, విషపూరితమైన హెక్సావలెంట్ క్రోమియాన్ని సోడియం మెటాబైసల్ఫైట్‌తో హాని తక్కువైన ట్రైవలెంట్ క్రోమియంగా మార్చే మొదటి మెట్టే నీటి శుద్ధిలో తప్పిందని అర్థం. ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్లు వదిలే నీటిలో హెక్సావలెంట్ క్రోమియం పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే.

మొదట పీహెచ్ చూడండి. సోడియం మెటాబైసల్ఫైట్ పీహెచ్ 2, 3 మధ్య చురుగ్గా పనిచేస్తుంది, అది పైకి పోయేకొద్దీ చర్య మందగిస్తుంది. మీటరు 2.5 చూపుతున్నా ఎలక్ట్రోడ్ మీద మడ్డి పట్టి ఉంటే ఆ అంకెకు విలువ లేదు, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణంతో సరిచూడాలి. తర్వాత మోతాదు. లెక్క ప్రకారం ఒక కిలో హెక్సావలెంట్ క్రోమియానికి సుమారు 2.75 కిలోల మెటాబైసల్ఫైట్ కావాలి, ఆచరణలో మూడు కిలోలు దాటుతుంది. ఆ బస్తా మూతి తెరిచి తేమలో వదిలేస్తే అందులో బలం తగ్గిపోతుంది, ఆపరేటరు మాత్రం అదే డబ్బాతో అదే కొలత వేస్తూ ఉంటాడు. ఈ రెండూ సరిగా ఉన్నా పసుపు వస్తోందంటే, సయనైడ్ లైనులో వాడిన హైపో (సోడియం హైపోక్లోరైట్) మిగిలి క్రోమ్ నీటిలో కలుస్తోందేమో చూడండి. మిగులు క్లోరిన్ ట్రైవలెంట్ క్రోమియాన్ని తిరిగి హెక్సావలెంట్‌గా మార్చగలదు.

ఆపరేటరుకు ఒక్క పరీక్ష నేర్పితే చాలు. ఈ మెట్టు పూర్తయిన నీటిని చిన్న సీసాలో తీసుకుని, ఆసిడ్ కలిపి డైఫినైల్‌కార్బజైడ్ చుక్కలు వేయాలి. ఊదారంగు వస్తే సున్నం వేయకూడదు, మెటాబైసల్ఫైట్ మళ్లీ వేయాలి. రంగు రాకపోతేనే పీహెచ్‌ను 8, 9 మధ్యకు పెంచి మడ్డిని దించాలి. ప్రతి బ్యాచ్‌కూ ఈ ఫలితం రాసిన పుస్తకం మీ జవాబుకు జతపరిచే కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది. అలాగే జిగ్గును బాత్ నుంచి తీశాక కొన్ని సెకన్లు టబ్బు మీదే ఆపి కారనివ్వడం, మొదటి కడుగు టబ్బును నిలవనీటితో ఉంచి ఆ నీటినే తిరిగి బాత్‌లో పోయడం అలవాటు చేస్తే, ఈటీపీకి చేరే క్రోమియమే తగ్గుతుంది.

లక్షణం: ఖాళీ డ్రమ్ములు, నూనె గుడ్డలు పాత ఇనుము కొనేవారికి అమ్మారు

ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు నిబంధనల మొదటి షెడ్యూలులో 33.1 కింద, కలుషితమైన గుడ్డలు 33.2 కింద, వాడేసిన నూనె 5.1 కింద వస్తాయి. క్రోమిక్ ఆసిడ్ డ్రమ్ము బయట ఎవరో ఇంట్లో నీళ్లు పట్టుకోవడానికి వాడతారు. అది తలచుకుంటే చాలు, ఈ అంశాన్ని చిన్నదిగా చూడలేము. డ్రమ్మును యూనిట్‌లోనే కడిగి ఆ నీటిని ఈటీపీకి పంపి, అధీకృత కొనుగోలుదారుకు మాత్రమే రశీదుతో ఇవ్వాలి. వీలైతే సరఫరాదారుకే తిరిగి ఇచ్చే షరతు కొనుగోలు ఆర్డరులో పెట్టండి.

జవాబు లేఖ

నివేదికలోని వరుస సంఖ్యలతోనే జవాబు రాయండి. ప్రతి అంశం కింద లోపం ఎందుకు వచ్చిందో, ఇప్పటికి ఏం చేశారో, మిగిలినది ఏ తేదీకి పూర్తవుతుందో చెప్పి, తేదీ కనబడే ఫోటో, బిల్లు, మానిఫెస్టు ప్రతి జతచేయండి. త్వరలో సరిచేస్తాం అన్న వాక్యానికి విచారణలో విలువ ఉండదు. ఫిల్టర్ ప్రెస్ ఆర్డరు పెట్టి ఉంటే ఆర్డరు కాపీ, అడ్వాన్సు రశీదు చూపండి. నివేదికలో నిజంగా పొరపాటు ఉంటే మర్యాదగా, ఆధారంతో రాయండి. 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టంలోని 15వ సెక్షను కింద ఉల్లంఘనకు జైలు శిక్షకు బదులు 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. పది మంది పనిచేసే షాపుకు ఆ పై అంకె మూతపడేంత భారం.

లేఖ మీద సంతకం చేసే ముందు దాన్ని ఈటీపీ ఆపరేటరుకు తెలుగులో చదివి వినిపించండి. రోజూ చేస్తామని మీరు రాసిన పని ఏదైనా అతనికి కొత్తగా వినబడితే, ఆ వాక్యాన్ని పక్కన పెట్టి ముందు ఆ పని మొదలుపెట్టించండి, ఆ తర్వాతే లేఖ పంపండి.