ఆర్కేడ్ క్యాబినెట్ పక్క పలకలు రెండూ అచ్చుగుద్దినట్టు రావాలంటే

ఈ వీడియో గేమ్ పెట్టెకు అటూ ఇటూ ఉండే వంపు పలకలు రెండింటినీ జిగ్‌సాతోనే (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) గీత మీదికి కోసెయ్యాలని చూడకండి. 18 మి.మీ. ఎండీఎఫ్‌లో (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) వంపు తిరిగేటప్పుడు బ్లేడు కింది కొస పక్కకు ఒంగుతుంది. పైన గీత మీదే ఉన్నట్టుంటుంది, పలక తిరగేస్తే అంచు ఏటవాలుగా కనిపిస్తుంది.

ముందు 6 మి.మీ. ఎండీఎఫ్‌తో ఒక మూస చేసి, అంచును 80, ఆపైన 120 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. కళ్లు మూసుకుని వేలితో తడమండి, కంటికి ఆనని గుంతలు వేలికి తగులుతాయి. ఇక్కడ బద్ధకిస్తే ఆ గుంత రెండు పలకల్లోనూ దిగుతుంది.

పలక మీద మూస గీసి, గీతకు 2 మి.మీ. బయటగా సన్న బ్లేడుతో కోయండి. తర్వాత మూసను డబుల్ సైడ్ టేపుతో అంటించి, రౌటర్‌కు (గిర్రున తిరిగే బిట్‌తో చెక్క అంచును చెక్కే యంత్రం) బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్, అంటే పలకను మూసతో సమంగా చెక్కే బిట్, బిగించి నడపండి. బేరింగ్ మూస అంచునే ఆనుకోవాలి. బయటి అంచు చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలోనే వెళ్లండి, లేదంటే రౌటర్ చేతిలోంచి లాక్కుపోతుంది. 12 మి.మీ. బిట్ అయితే 6 మి.మీ. కన్నా చిన్న వ్యాసార్ధం ఉన్న లోపలి మూలలోకి దూరదు, ఆ సంగతి మూస గీసేటప్పుడే చూసుకోండి.

టీ-మోల్డింగ్ (పలక అంచును కప్పే ప్లాస్టిక్ పట్టీ) దిగే గాడి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. మాస్కు మరవొద్దు, ఎండీఎఫ్ పొడి మహా సన్నం.